అప్‌డేట్: హెల్మెట్ మీద ఎండిన పురుగుల మరకలు పోయాయి

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు రాత్రిపూట బండి మీద వచ్చేసరికి హెల్మెట్ ముందు భాగమంతా పురుగులు అంటుకుని ఎండిపోయాయని, పెట్రోలుతో తుడవవచ్చా అని కిందటి వారం అడిగాను. వద్దని గట్టిగా చెప్పినవారందరికీ కృతజ్ఞతలు. నాది పాలికార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన హెల్మెట్. పెట్రోలు, థిన్నర్ దాన్ని బలహీనపరుస్తాయట; పైకి ఏమీ తెలియకపోవచ్చు. తల కాపాడేదాన్ని నా చేతులతోనే పాడుచేసి ఉండేవాణ్ణి.

గోరువెచ్చని నీళ్లలో పిల్లల షాంపూ నాలుగు చుక్కలు వేసి, మెత్తని నూలుగుడ్డ తడిపి పావుగంట కప్పి ఉంచాను. తీసి చూస్తే గోధుమరంగు మచ్చలు నాని ఉబ్బాయి. వేలితో నెడితే జారిపోయాయి! అద్దాన్ని విడిగా తీసి, రుద్దకుండా నీటిధార కింద కడిగాను. నీడలోనే ఆరబెట్టాను. ఐఎస్ఐ గుర్తు పక్కన తారు చుక్క ఒకటి మిగిలింది. దాన్ని గోకను, అలాగే ఉండనిస్తాను.