నాన్నగారికి రెండడుగుల పేగు తీసేశారు, తిన్నది ఒంటికి పట్టట్లేదు

తెనాలి అమ్మాయి:
మా నాన్నగారికి 61 ఏళ్లు. పేగు టీబీతో దారి మూసుకుపోతే ఎనిమిది నెలల కిందట ఆపరేషన్ చేసి రెండడుగుల పేగు తీసేశారు. టీబీ మందుల కోర్సు అయిపోయింది. ఆకలి బాగానే ఉంది. పొద్దున నాలుగిడ్లీలు, మధ్యాహ్నం పప్పన్నంలో ఎప్పట్లాగే నెయ్యి. కానీ తిన్న అరగంటకే బాత్రూమ్‌కి పరుగు. రోజుకు ఐదారుసార్లు, పసుపు నీళ్లలా. 64 కిలోల మనిషి 56కి దిగారు. ఇరవై అడుగుల పేగులో రెండడుగులు పోతేనే ఇంత తేడానా? మిగతా పద్దెనిమిది అడుగులూ ఏం చేస్తున్నట్టు?

వంటింటి కబుర్లు:
మా పెద్దమ్మ నీరసపడితే వారానికి రెండుసార్లు మేక లివర్ వండిపెట్టాం, రక్తం పట్టింది. పెట్టి చూడండి.

పాత పేషెంటు:
ఎంత పోయిందో కాదమ్మా, ఏ చోటు పోయిందో చూడాలి. డిశ్చార్జ్ కాగితాల్లో ‘ఇలియం’ అన్న మాట ఉందేమో వెతకండి. చిన్నపేగు చివరి భాగం అది. పేగు టీబీ ఎక్కువగా చేరేది ఆ చివరనే. 2014లో నాకు తీసిందీ అదే.

పేగు పొడుగునా ఒకటే పని జరగదు. మొదటి జానెడులో పైత్యరసం, క్లోమరసం వచ్చి కలుస్తాయి. ఇనుము ఎక్కువగా అక్కడే ఎక్కుతుంది. అన్నం, పప్పు విరిగి చాలావరకు పై సగంలోనే రక్తంలోకి వెళ్లిపోతాయి. బోటి కడిగినవాళ్లకి తెలుస్తుంది, పేగు తిరగేస్తే లోపల మఖమల్ గుడ్డలా నూగు ఉంటుంది. పీల్చేది ఆ నూగే. దాని మీది కణాలు నాలుగైదు రోజులకే రాలి కొత్తవి వస్తాయి. మిగిలిన పేగు మెల్లగా సర్దుకుంటుంది కూడా. నాకు ఏడాదిన్నర పట్టింది.

చివరి భాగం చేసే రెండు పనులు మాత్రం వేరేచోట సరిగ్గా జరగవు. నెయ్యి అరగడానికి కాలేయం పంపిన పైత్య లవణాల్లో దాదాపు 95 శాతాన్ని ఆ భాగమే పీల్చి వెనక్కి పంపుతుంది. అది లేకపోతే అవి పెద్దపేగులోకి జారి నీళ్లు ఊరిస్తాయి. మీ నాన్నగారి పరుగు అదే కావచ్చు. టీబీ మళ్లీ రాలేదని డాక్టర్ తేల్చాక ఆ లవణాలను పేగులోనే పట్టి ఉంచే కొలెస్టిరమిన్ పొడి సంగతి అడగండి. మిగతా మాత్రలతో కలిపి మాత్రం వేసుకోకూడదు.

రెండోది బీ12 విటమిన్‌ని పీల్చుకోవడం. లివర్‌లో అది దండిగా ఉంటుంది, కాదనను. పొట్టలో పుట్టే ఒక ప్రొటీన్ దాన్ని వెంటబెట్టుకుని ఇరవై అడుగులూ నడిపిస్తుంది. తీరా వస్తే దిగే రేవే లేదు! పైగా మన కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. నాకు మూడేళ్లు ఏమీ తెలియలేదు. నాలుగో ఏట ఒక సాయంత్రం కూరల సంచీతో ఇంటికొచ్చి చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ ఊడిందో కాలికి తెలియలేదు. షుగరేమోనని టెన్షన్ పడ్డాం, అది లేదు. బీ12 అడుగంటింది. ఆపరేషన్ చేసిన చోట ఒక్కరూ ముందు చెప్పలేదన్న కోపం నాకింకా ఉంది. ఇప్పుడు నెలకో ఇంజెక్షన్. వేళ్లలో తిమ్మిరి పూర్తిగా పోలేదు.

తెనాలి అమ్మాయి:
కాగితాలు తీశానండి. ‘ఇలియం చివర 60 సెంటీమీటర్లు’ అని రాసుంది. బీ12 మాట ఎక్కడా లేదు. రేపే పరీక్షకి తీసుకెళ్తాను. నెయ్యి మానమంటే మాత్రం ఆయన వినరు.

పాత పేషెంటు:
పూర్తిగా మాన్పించకండి, అసలే బరువు తగ్గారు. పూటకి ఒక చెంచాతో మొదలుపెట్టి మోషన్స్ ఎలా ఉన్నాయో రాసి పెట్టుకోండి. నేను ఆవకాయన్నంలోకి రెండు చెంచాలు వేసుకుంటాను, ఆదివారం మాత్రమే. ఆ రోజు బయటికి వెళ్లను.