గుల్‌మార్గ్‌లో పొద్దున గాజు పలక, మధ్యాహ్నం బురద: ఇద్దరం కలిసి స్కీయింగ్ చేసిన రోజు యాడ తప్పు జరిగింది?

పెన్నాగట్టు (నెల్లూరు):

అందరికీ నమస్తే. మాది నెల్లూరు, మాగుంట లేఅవుట్ పక్కన. నేనూ మా ఆవిడా పోయిన ఫిబ్రవరిలో ఆరు రోజులు కాశ్మీర్‌లో గుల్‌మార్గ్ పోయినాం, ఊరికే మంచులో ఫొటోలు దిగి రావడానికి కాదు, స్కీయింగ్ నేర్చుకోవాలనే పోయినాం. మొదటి నాలుగు రోజులు కింద చిన్న వాలు మీద ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకున్నాం. స్కీల, అంటే బూట్లకి తగిలించే పొడుగు పలకల, ముందు కొసలు దగ్గరికి తెచ్చి వెనక వెడల్పు చేసి ఆపడం, ఆడ దాన్ని పిజ్జా అంటారు, అది ఇద్దరికీ బాగానే వచ్చింది. మెల్లగా మలుపులు కూడా తిప్పతా ఉండాం. ఆ నాలుగు రోజులూ కొత్త మంచు, అడుగు పెడితే మెత్తగా దిగేది, పడినా దెబ్బ తెలిసేది కాదు.

అయిదో రోజు ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకోలేదు, మాకు వచ్చేసింది కదా అని ఇద్దరమే గొండోలా, అంటే తీగ మీద పోయే కేబుల్ కార్, ఎక్కి కొంగ్‌డూరి పోయినాం, దాని మొదటి స్టేషన్, ఫేజ్ 1 అంటారే అది. గుల్‌మార్గ్ 2650 మీటర్లయితే కొంగ్‌డూరి 3080 దాకా ఉంటది, అంటే కిందికి నాలుగొందల మీటర్ల పైచిలుకు దిగుడు. ముందు రోజు మంచి ఎండ కాసింది, రాత్రి ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, చలి మాత్రం ఎముకల్లోకి దిగింది. క్యూ ఉంటదని పొద్దున్నే మొదటి క్యాబిన్లలో ఎక్కేసినాం. పైన దిగి స్కీ పెట్టగానే చప్పుడు మారిపోయింది, నాలుగు రోజులూ సుయ్యిమని వచ్చిన చప్పుడు పోయి రేకు మీద మేకుతో గీసినట్టు గరగరా వస్తా ఉంది. పిజ్జా పెడితే ఆగలా, ఇంకా గట్టిగా పెడితే రెండు స్కీలూ పక్కకి జారతా ఉండాయి. అయినా నేను ఎట్టో దిగతా ఉండా, కింద నిలబడి ఆమెని రా, ఏం కాదు, రా అని పిలస్తా ఉండా. ఆమె చెట్ల మధ్య ఇరుకు దారిలో మలుపు తిప్పబోయి పడింది, పడి ఆగలేదు, ఇరవై ముప్పై అడుగులు అట్టనే జారుకుంటా వచ్చింది, నేను పక్కనే ఉండి కూడా పట్టుకోలేకపోయినా. ఆ క్షణం నాకు ఇప్పటికీ రాత్రిళ్ళు గుర్తొస్తా ఉంటది.

దెబ్బేం తగల్లేదు, లేచింది, కాసేపు కూర్చున్నాం. ఆ తర్వాత కిందికి వచ్చేకొద్దీ ఎండ పడిన చోట మంచు మెత్తబడి బాగుంది, ఇంకా కిందికొస్తే ఏకంగా నీళ్ళ మంచు, స్కీ లోపలికి కూరుకుపోయి మనిషి ముందుకి తూలతాడు. ఆడ రెండోసారి పడింది, ఈసారి మోకాలు మెలిక పడింది. ఆరో రోజు రూములోనే ఉండిపోయినాం.

ఒకే దారిలో ఒకే రోజు ఇన్ని రకాల మంచు ఉంటదని మాకెవరూ చెప్పలేదు. అద్దెకి తెచ్చుకున్న స్కీలు చూస్తే చానా పాతవి, షాపు పేరెందుకులే. ఇప్పుడు నా ప్రశ్న, తప్పు స్కీలదా, మేం పోయిన టైమ్‌దా, మాకు వచ్చిన విద్య చాల్లేదా? ఈసారి మళ్ళీ పోవాలని ఉంది, ఆమెకి కూడా ఉందనే అంటది, కానీ నాకు ధైర్యం చాలడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కొత్తపట్నం కెరటం (ఒంగోలు, ఇప్పుడు బోస్టన్):

బ్రదర్, మీరు రాసింది చదువుతుంటే నా మొదటి సీజన్ కళ్ళ ముందుకొచ్చింది. మాది ఒంగోలు పక్కన కొత్తపట్నం, ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళు, చలికాలం శనాదివారాలు వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ కొండలే. ఈ వైపు మెత్తటి మంచు దొరికేది తక్కువ, ఐస్ మీదే నేర్చుకోవాలి, అందుకని కాస్త చెప్పగలను.

ముందు ఎందుకట్టా అయ్యిద్దో చూడండి. పగలు ఎండకి పైపొర కరిగిద్ది, రాత్రి మబ్బు లేకపోతే నేల వేడంతా పైకి పోయి ఆ నీళ్ళు గడ్డకడతాయి. దాని మీద జనం స్కీలతో గీకీ గీకీ మెత్తటిదంతా పక్కలకి నెట్టేస్తారు, మధ్యలో గట్టిది మిగిలిద్ది. మన రేగడి నేలలో వానాకాలం ట్రాక్టర్ పోయిన గాళ్ళు ఎండాకాలానికి రాయిలా బిగుసుకుపోతాయి కదా, సాయంత్రం మెత్తటి మంచులో పడిన గాళ్ళు పొద్దున్నే అదే పరిస్థితి. మీరు మొదటి క్యాబిన్‌లో ఎక్కడమే అసలు సంగతి. కొత్త మంచు పడిన మర్నాడైతే పొద్దున్నే పోవాలి, ఎండ కాసి రాత్రి గడ్డకట్టిన మర్నాడైతే పదిన్నర పదకొండు దాకా టీ తాగుతా కూర్చోవాలి. మధ్యలో ఒక గంటో రెండు గంటలో పైపొర అంగుళం మెత్తబడి చాలా బాగుండిద్ది, అది దాటితే మీరు చెప్పిన నీళ్ళ మంచు, మళ్ళీ నీడ పడగానే గట్టిపడుద్ది. చెట్ల నీడలో ఉన్న ముక్క మాత్రం మధ్యాహ్నం కూడా కరగకపోవచ్చు, ఎండలోంచి నీడలోకి పోయే చోట ముందే స్పీడ్ తగ్గించుకోవాలి.

ఇక స్కీలు. స్కీ అడుగున రెండు పక్కలా ఇనప అంచు ఉండిద్ది, ఐస్ మీద పట్టేది అదొక్కటే. తీసుకునే ముందు గోరు వెనక వైపు ఆ అంచు మీద అడ్డంగా గీకండి, పదునుంటే గోటి పొడి తెల్లగా రాలిద్ది, రాలకపోతే మొండిది, వేరే జత అడగండి, మొహమాటపడమాకండి. బూటు కూడా చూడాలి, చలని రెండు మూడు సాక్సులు వేసి పెద్ద సైజు తీసుకుంటారు మనోళ్ళు, లోపల మడమ లేస్తే మీరు కాలు వంచింది అంచు దాకా పోదు. ఒక్క పల్చటి సాక్సే వేసుకోండి, మడమ కదలకూడదు.

టెక్నిక్ సంగతి. చీమకుర్తిలో తడిసిన గ్రానైట్ పలక మీద నడిచేటప్పుడు ఏం చేస్తాం, గబాల్న ఆగం, గబాల్న తిరగం. ఇదీ అంతే. ఐస్ మీద పిజ్జా పెద్దది చేసేకొద్దీ బరువు రెండు కాళ్ళకీ పంచుకుపోయి ఏ అంచూ సరిగా కొరకదు. బరువంతా మలుపుకి బయట వైపు కాలు మీద వెయ్యాలి, అంటే మలుపు తిరిగాక లోయ వైపుకొచ్చే కాలు. భయం వేస్తే ఒళ్ళు కొండ వైపుకి వాలిపోయిద్ది, అదే పడేసేది. చేతులు ముందుకి, ముంగాలి ఎముక బూటు ముందు భాగానికి తగులుతా ఉండాలి. మెరుస్తా నీలంగానో బూడిద రంగుగానో కనిపించింది ఐస్, మెరుపు లేకుండా తెల్లగా ఉంది మంచు. ఐస్ ముక్క మీద తిరగబోకండి, దాన్ని నిటారుగా దాటి తెల్లటి చోట తిరగండి, దారి అంచుల్లో గీకిన మంచు పోగుపడి ఉండిద్ది, అక్కడ పట్టు దొరికిద్ది. అన్నిటికంటే ముందు పక్కకి జారడం నేర్చుకోండి, స్కీలు వాలుకి అడ్డంగా పెట్టి మోకాళ్ళు కాస్త వదిలితే జారతాయి, బిగిస్తే ఆగతాయి. రొయ్యల గుంట కట్ట మీద వానలో బొటనవేళ్ళు గుచ్చి దిగుతాం చూడండి, అదే. ఇదొక్కటి వస్తే ఎంత గట్టి ముక్కనైనా పడకుండా దిగొచ్చు, ఆ రోజు మీ ఆవిడకి ఇది తెలిసుంటే ఆ చెట్ల మధ్య నుంచి నెమ్మదిగా వచ్చేసేది.

ఉదయగిరి కొండగాలి:

అన్నా, నేనొకటి చెప్తా, ఏమనుకోవద్దు. మేం 2020 జనవరిలో ఉత్తరాఖండ్‌లో ఔలి పోయినాం, అప్పుడు జోషీమఠ్ నుంచి రోప్‌వే ఉండేది, 2023లో ఆడ నేల కుంగినప్పటి నుంచి ఆపేసినారు, ఇప్పుడు పోవాలంటే రోడ్డే. ఔలిలో ఎదురుగా నందాదేవి, 7816 మీటర్ల కొండ, పొద్దున్నే దాని మీద ఎండ పడతా ఉంటే చూస్తా నిలబడిపోతాం. ఆడ కూడా మీ మాదిరే పొద్దున గట్టిగా, మధ్యాహ్నం జావ జావగా ఉండింది.

మా ఆయనకి నాకంటే రెండు రోజులు ముందే వచ్చేసింది, ఇంక నాకు నేర్పడం మొదలుపెట్టినాడు. ఆయన కింద నిలబడి రా రా అంటా ఉంటే నా చూపు ఆయన మీద ఉండేది, స్కీల ముందు ఏముందో చూసేదాన్ని కాదు. పడితే ఆయన మొహం చూడాలి, పడకపోతే ఆయన ఇంకొంచెం వాలు ఎక్కువున్న చోటికి తీసుకపోతాడు. మూడో రోజు నేనే చెప్పేసినా, నువ్వు వేరే, నేను వేరే, మధ్యాహ్నం మ్యాగీ తినే చోట కలుద్దాం అని. వేరే ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకున్నా, ఆయన నాకంటే ముందు పోయి నేను యాడ తిరగాల్నో ఆ గీత గీసి చూపించేవాడు, నేను ఆ గీత చూసుకుంటా వచ్చేదాన్ని. ఆ సాయంత్రమే నాకు స్కీయింగ్ అంటే ఇష్టం పుట్టింది. వదినకి ఏం కావాల్నో వదిన్ని అడగండన్నా, మీరు రాసిందాంట్లో మీ భయం కనిపించింది గానీ ఆమె మాట ఒక్కటీ లేదు.

వేదాయపాళెం ఫిజియో:

మోకాలు గురించి ఒక్క మాట. మెలిక పడినప్పుడు లోపల టప్‌మన్నదా, అదే రోజు వాచిందా, తర్వాత మెట్లు దిగేటప్పుడు మోకాలు జారిపోయినట్టు ఉంటా ఉందా? ఇందులో ఏదున్నా నొప్పి తగ్గింది కదా అని వదిలెయ్యకుండా ఎముకల డాక్టర్‌కి చూపించి ఎమ్మారై తీయించుకోండి, లోపలి లిగమెంట్ తెగినా కొన్ని వారాలకి నొప్పి పోతుంది, కాలు మాత్రం బలం మీద నిలబడదు. స్కీకి బూటుని పట్టి ఉంచే బైండింగ్ బిగింపు మీ బరువు, ఎత్తు, వయసు, అనుభవాన్ని బట్టి పెట్టాలి. మరీ బిగిస్తే పడినప్పుడు స్కీ ఊడదు, ఆ మెలికంతా మోకాలికే. ఇద్దరికీ ఒకే నంబర్ పెట్టి ఇస్తే ఒప్పుకోవద్దు. చేతిలో పట్టుకునే స్కీ కర్రల పట్టీలో బొటనవేలు ఇరికితే పడినప్పుడు దాని మొదట్లో లిగమెంట్ తెగుతుంది, అది కూడా చూసుకోండి. పోయే రెండు నెలల ముందు నుంచి గోడకి ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు నిలబడటం, మెట్లు మెల్లగా దిగడం చెయ్యండి, తొడలకి అది చానా అవసరం.

పెన్నాగట్టు (నెల్లూరు):

నేను వాళ్ళావిడని, ఆయన అకౌంట్ నుంచే రాస్తా ఉండా. ఉదయగిరి చెల్లెలు రాసింది చదివి ఆయనే ఫోన్ నా చేతికిచ్చి నువ్వే రాయి అన్నాడు.

ముందు మోకాలి సంగతి, టప్‌మనలా, వాపు రెండు రోజులుండి పోయింది, మెట్లు బాగానే దిగతా ఉండా. అయినా ఈ వారంలో చూపించుకుంటా. బైండింగ్ మాత్రం ఇద్దరికీ షాపతను ఏమీ అడక్కుండానే తిప్పి ఇచ్చినాడు, ఆయన డెబ్బై ఎనిమిది కేజీలు, నేను యాభై రెండు.

ఆ జారింది ఆయనకి భయం పుట్టించింది గానీ నాకు అంత భయం వేయలేదు, నిజం. పడకముందే నాకు ఆ దారిలో మెరిసే ముక్క కనిపించింది, నీలంగా, మన ఫ్రిజ్‌లో ఐస్ ట్రే అడుగున ఉంటదే అట్ట. దాని పక్కన చెట్టు కింద తెల్లగా కూడా ఉంది. అటు పోదామనుకున్నా, ఆయన ఇటు నుంచి రా అన్నాడు, వింటే పోలా అని మెరిసే ముక్క మీదనే తిప్పినా. కొత్తపట్నం అన్న రాసింది చదివినాక నా కళ్ళు సరిగ్గానే చూసినాయని తెలిసి చానా సంతోషం వేసింది. రెండోసారి నీళ్ళ మంచులో పడటానికి కారణం వేరే, అప్పటికే తొడలు వణకతా ఉండాయి, ఆగుదామని అడిగితే కిందికి ఇంక దగ్గరే కదా అన్నాడు. ఆగాల్సింది. ఆయన కూడా ఇప్పుడు అదే అంటా ఉండాడు.

మళ్ళీ పోతా ఉండాం. ఆడ హోటల్ పెద్దాయన చెప్పినాడు, డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్ అంటారంట, గట్టి చలి అప్పుడే, జనవరి ఆఖర్న వస్తే మంచు నిలబడి ఉంటదని. ఒక్కో ఏడు అదీ నమ్మకం లేదులే, 2024 జనవరిలో గుల్‌మార్గ్‌లో గడ్డి కనిపించింది, 2025లో మంచు చాల్లేదని ఖేలో ఇండియా ఆటలు ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపినారు. అందుకని ఈసారి టికెట్లు మార్చుకునే వీలున్నవి తీసుకుంటా ఉండాం. ఇద్దరికీ వేరే వేరే ఇన్‌స్ట్రక్టర్లు, మొదటి రెండు రోజులూ పక్కకి జారడమే నేర్పమని అడుగుతా. ఇంకా పైకి పోయే ఫేజ్ 2 జోలికి పోము, ఆడ కొండ మీది మంచు ఒక్కసారిగా విరిగి జారుద్దంట, అది మాలాంటోళ్ళకి కాదు. ఫేజ్ 1కి పదకొండుకే ఎక్కేది, దారి నేను ఎంచుకుంటా, ఆయన నా వెనక వస్తాడు.

రోజూ సాయంత్రం మేడ మీద గోడకి ఆనుకుని నిలబడతా ఉండా, నిన్నటికి నిమిషం పది సెకండ్లు వచ్చింది. పోస్ట్‌పెయిడ్ సిమ్ ఒకటి తీసుకోవాలి, మన ప్రీపెయిడ్ ఆడ పని చెయ్యదు. నీళ్ళు దిగని గ్లవ్స్ కోసం ట్రంకు రోడ్డంతా తిరిగినా, బైక్ గ్లవ్స్ తప్ప ఇంకేం లేవు. చెన్నైలో యాడ దొరకతాయో తెలిసినవాళ్ళు చెప్పండి, వచ్చే ఆదివారం పోతా ఉండాం.