ట్యాగ్ 5000 అంటే కసిరింది, 5 కోట్లు అంటే కిక్కురుమనలేదు

రాత్రిషిఫ్ట్:
ఓపెన్ వీస్విచ్ (సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ స్విచ్)లో ఒక బ్రిడ్జి (అందులో పెట్టుకునే స్విచ్) పోర్టుకి వీల్యాన్ ట్యాగ్ (ఆ పోర్టు ఏ విడి నెట్‌వర్క్‌దో చెప్పే నంబరు) ఇస్తూ పొరపాటున సున్నా ఎక్కువ కొట్టి 5000 ఇచ్చాను. 0 నుంచి 4095 లోపే ఉండాలంటూ అక్కడికక్కడే తిప్పికొట్టింది. మరి అదే బ్రిడ్జికి అదర్-కాన్ఫిగ్ (అదనపు సెట్టింగుల కాలమ్)లో మాక్ టేబుల్ (ఏ పరికరం ఏ పోర్టు వైపు ఉందో గుర్తుంచుకునే పట్టిక) సైజ్ 5 కోట్లు ఇస్తే నోరెత్తలేదు, గెట్ చేసి చూస్తే 5 కోట్లే చూపిస్తోంది. నిజంగా అంత టేబుల్ పెట్టేసుకుందా? వీటి మీద చిన్న టూల్ రాస్తున్నాను, తప్పు వాల్యూ వస్తే ఆపేయాలా, సర్దేయాలా అన్నది తేలట్లేదు.

ప్యాకెట్‌పిచ్చి:
లేదండీ. ట్యాగ్‌కి సెట్టింగులు దాచే డేటాబేస్ స్కీమా (ఏ కాలమ్‌లో ఏది పట్టొచ్చో చెప్పే నమూనా)లోనే హద్దు రాసి ఉంటుంది, అందుకే గుమ్మంలోనే ఆగిపోయింది. అదర్-కాన్ఫిగ్ మాత్రం ఉత్త స్ట్రింగుల సంచి, పేరూ విలువా ఏది పడేసినా పుచ్చుకుంటుంది, ఆ తర్వాత స్విచ్ డీమన్ (వెనకాల నడిచే అసలు ప్రోగ్రామ్) చదివేటప్పుడు టేబుల్ సైజ్‌ని 10 నుంచి 10 లక్షల మధ్యకి లాగేస్తుంది. గెట్ చూపించేది మీరు అడిగిన అంకె, అది వాడుతున్న అంకె కాదు. ఎఫ్‌డీబీ స్టాట్స్-షో (మాక్ టేబుల్ లెక్కలు చూపే కమాండ్) కొట్టండి, ఇప్పుడున్న ఎంట్రీలూ గరిష్ఠమూ పక్కపక్కనే వస్తాయి.

రాత్రిషిఫ్ట్:
కొట్టాను. గరిష్ఠం 8192 అంటోంది! 10 లక్షలు కూడా కాదే?

ప్యాకెట్‌పిచ్చి:
8192 అంటే డీఫాల్ట్. మీ వాల్యూని అసలు చదవనే లేదు. కీ స్పెల్లింగ్ చూడండి, మాటల మధ్య హైఫన్లు ఉండాలి.

రాత్రిషిఫ్ట్:
బాబోయ్, అండర్‌స్కోర్లు పెట్టాను. పొద్దున్నుంచీ ఇదే పని.

పాతకేబుల్:
టూల్ సంగతికొస్తే, ట్యాగ్, వీఎన్ఐ (వీఎక్స్‌ల్యాన్ టన్నెల్‌లో నెట్‌వర్క్ నంబరు) లాంటివి తప్పయితే మొహమాటం లేకుండా ఆపేయండి. మా దగ్గర ఒక పాత స్క్రిప్టు ట్యాగ్‌ని 12 బిట్లకి కోసి పంపేది, ఎవరో 4097 ఇచ్చారు, అది 1 అయి కూర్చుంది, ఒకరి ట్రాఫిక్ వెళ్లి మేనేజ్‌మెంట్ వీల్యాన్‌లో కలిసింది. ఎర్రర్ లేదు, లాగ్ లేదు, పింగ్ కూడా బ్రహ్మాండంగా వెళ్తోంది, ఇక ఎక్కడని వెతుకుతాం? రెండు రోజులు టెన్షన్. ఇంకోటి, స్కీమా 4095ని ఒప్పుకున్నా ప్రమాణంలో 0, 4095 రెండూ రిజర్వ్‌డ్, కాబట్టి మీ టూల్‌లో 1 నుంచి 4094 అని పెట్టుకోండి. వీఎన్ఐ 24 బిట్లు, 16777215 దాటకూడదు.

ప్యాకెట్‌పిచ్చి:
పాతకేబుల్ గారూ, ట్యాగ్ వరకు ఒప్పుకుంటాను. కానీ టేబుల్ సైజ్ ఎక్కువైందని రీబూట్‌లో బ్రిడ్జే లేవకపోతే అర్ధరాత్రి ఫోన్ వచ్చేది మనకే కదా. సైజులని సర్దేయొచ్చు, అయితే 'ఇంత అడిగారు, ఇంతే ఇచ్చాను' అని లాగ్‌లో పడాలి. తెలియని కీ వస్తే మాత్రం ఆపాల్సిందే, ఇవాళ మీరు చూశారుగా. ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పంపగల గరిష్ఠ సైజు)కి కూడా అంతే, ఎంటీయూ-రిక్వెస్ట్‌లో 9000 రాసినంత మాత్రాన అయిపోలేదు, ఇంటర్‌ఫేస్ వరుసలో ఎంటీయూ కాలమ్ ఏమంటోందో తిరిగి చదవండి.

రాత్రిషిఫ్ట్:
ఇప్పుడే చదివాను. అక్కడ ఇంకా 1500 ఉంది.