విడుదల కాని ఆట ఉన్న చిప్ మీది స్టిక్కర్ తీయవచ్చా?

ప్రశ్న:
సూపర్ నింటెండో అనే పాత వీడియో గేమ్ యంత్రం కోసం తయారైన ఒక నమూనా కార్ట్రిడ్జ్ (ఆట చిప్‌లు ఉండే డబ్బా) నా దగ్గరికి వచ్చింది. చిప్‌ల మీద చేతిరాత స్టిక్కర్లు ఉన్నాయి. వాటిని తీసి చిప్ నంబర్లు చూడవచ్చా? పూర్తయిన ఆటలను సంస్థలు అసలు ఎందుకు ఆపేస్తాయి?

మొదటి జవాబు:
దయచేసి తీయకండి. అవి ఈప్రామ్‌లు (చెరిపి మళ్లీ రాయగల మెమరీ చిప్‌లు) అయితే స్టిక్కర్ కింద చిన్న క్వార్ట్జ్ కిటికీ ఉంటుంది. అతినీలలోహిత కాంతితో సమాచారాన్ని చెరిపి మళ్లీ రాసుకోవడానికే దాన్ని పెడతారు కనుక, ఎండ తగిలితే ఆట మెల్లగా చెరిగిపోవచ్చు. స్టిక్కర్ ఉన్నా దశాబ్దాలు గడిచేకొద్దీ లోపలి విద్యుదావేశం కారిపోతూనే ఉంటుంది. అందువల్ల ఈప్రామ్ రీడర్‌తో వెంటనే చదివించి, రెండు మూడు సార్లు వచ్చిన ఫైళ్లు ఒకటేనా అని పోల్చి చూడండి. అల్మారాలో దాచి మురిసిపోయే సేకర్తలను చూస్తే నాకు దిగులే.

రెండవ జవాబు:
మీ రెండో ప్రశ్నకు స్టార్ ఫాక్స్ 2 మంచి ఉదాహరణ. నింటెండో, ఆర్గొనాట్ సంస్థలు కలిసి చేసిన ఆ ఆట 1995 నాటికి దాదాపు పూర్తయినా, పోటీ యంత్రాలైన ప్లేస్టేషన్, శాటర్న్‌ల త్రీడీ దృశ్యాల పక్కన పాతగా కనిపిస్తుందని, తమ తర్వాతి యంత్రం నింటెండో 64 కూడా రాబోతోందని ఆపేశారు. నమూనా ప్రతులు ఇంటర్నెట్‌లో తిరిగాయి గానీ, అధికారికంగా అది 2017లో సూపర్ నింటెండో క్లాసిక్ అనే చిన్న యంత్రంతోనే వెలువడింది. అందులోని కొన్ని ఆలోచనలు అంతకుముందే 1997లో స్టార్ ఫాక్స్ 64లో చేరాయి.

ప్రశ్న వేసినవారు:
స్టిక్కర్లను ముట్టుకోలేదు. రీడర్ కోసం వెతుకుతున్నాను.