“సిన్స్ టెన్ ఇయర్స్” నిజంగా తప్పేనా?

తలకట్టు:
మెయిల్లో “ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్” అని రాస్తే, మా పైఆయన సిన్స్ కొట్టేసి ఫర్ పెట్టి తిప్పి పంపాడు. చదివినవాడికి అర్థమైందిగా! మనలో చాలామంది ఇలాగే అంటాం. ఇది మన ఇంగ్లీషు అనుకుంటే పోలా?

అరసున్న:
మనదొక్కటే కాదండీ. మన “నుంచి” 2015కీ సరిపోతుంది, పదేళ్ళకీ సరిపోతుంది. ఇంగ్లీషులో మొదలైన సమయం చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. జర్మన్లో “జైట్”, ఫ్రెంచిలో “దెపుయి” కూడా మన నుంచిలాగే రెంటికీ వాడతారు. అందుకే వాళ్ళూ ఇక్కడే తడబడతారు. మరి వాళ్ళ ఇంగ్లీషు అని ఇంకోటి పెడదామా?

తలకట్టు:
సరే. “ఫర్ కనిపిస్తే పర్ఫెక్ట్ టెన్స్” అని బట్టీ పట్టేస్తా, గొడవ వదులుతుంది.

విసర్గ:
అయ్యో, అది ఇంకా ముంచుతుంది! ఒకసారి ఫోన్లో “ఐ యామ్ హియర్ ఫర్ టూ వీక్స్” అన్నాను. వచ్చి రెండు వారాలైందని నా ఉద్దేశం. అవతలాయన నేను మొత్తం రెండు వారాలే ఉంటాననుకుని, వెళ్ళేలోపు కలుద్దామని హడావిడి పడ్డాడు. “ఐ హావ్ బీన్ హియర్” అనాల్సింది. ఫర్ ఏ టెన్స్‌తోనైనా వస్తుంది, అర్థం తేల్చేది క్రియే.
తెలుగులోనే చూడండి. “ఐదేళ్ళు పనిచేశాను” అంటే మానేసినట్టు: ఐ వర్క్‌డ్ ఫర్ ఫైవ్ ఇయర్స్. “ఐదేళ్ళుగా పనిచేస్తున్నాను” అంటే ఇంకా చేస్తున్నట్టు: ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ ఫైవ్ ఇయర్స్. ఆ “గా” ఉందే, అదే కిటుకు. నుంచి తీసి గా పెట్టి చూడండి. పదేళ్ళుగా, చాలాకాలంగా: కుదిరాయి, ఫర్. “సోమవారంగా”, “చిన్నప్పటిగా”: నవ్వొస్తోందా? అయితే సిన్స్.

అరసున్న:
కిటుకు బావుంది, నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు. ఒక్క మెలిక. “ఏళ్ళుగా వాణ్ణి చూళ్ళేదు” అనడానికి అమెరికావాళ్ళు “ఐ హావెంట్ సీన్ హిమ్ ఇన్ ఇయర్స్” అంటారు. అక్కడ ఇన్ చూసి కంగారు పడొద్దు, ఫర్ పెట్టినా చెల్లుతుంది.

తలకట్టు:
గా పరీక్ష తీసుకుంటున్నా. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. “ఫర్ టూ వీక్స్”తో మీరు బోల్తా పడ్డారు, ఒప్పుకున్నా. “సిన్స్ టెన్ ఇయర్స్” విని ఎవరైనా పొరబడ్డారా?

విసర్గ:
పొరబడరు. అందుకే మాటల్లో ఎవరైనా అలా అంటే నేను దిద్దను. రాతలో మాత్రం దిద్దుతాను, మీ పైఆయన చేసిందీ అదే.

తలకట్టు:
ఆయన మాటల్లోనూ దిద్దుతాడండీ, అదే నా బాధ!