అప్‌డేట్: పాప కంటి చుట్టూ ఎర్ర మచ్చ, స్కాన్లు అయ్యాయి, మందు మొదలైంది

రెండు నెలల పాపకు కుడి కన్ను నుంచి నుదుటి దాకా ఎర్ర మచ్చ ఉబ్బుతోంది, ఆగి చూడాలా అని అడిగాను కదా. వెంటనే పెద్ద డాక్టరుకు చూపించమన్న అందరికీ చేతులెత్తి దండం.

మొదట చూసినాయన అదే పోతుందన్నారు. చిన్న మచ్చలకు అది నిజమే కానీ, ముఖం మీద 5 సెంటీమీటర్లు దాటి ఒక భాగమంతా పరుచుకున్న హెమాంజియోమా (రక్తనాళాలు గుంపుగా పెరిగి వచ్చే ఇలాంటి ఎర్ర మచ్చ) అయితే ఫేస్ (PHACE) సిండ్రోమ్ ఉందేమో చూసి తీరాలట, అంటే మచ్చతో పాటు మెదడు వెనక భాగం, తల మెడల రక్తనాళాలు, గుండె, కళ్లలో కూడా లోపాలుండే జబ్బు. ఎమ్మారై, యాంజియో (తల మెడల రక్తనాళాల స్కాన్), ఎకో (గుండె స్కాన్), కంటి పరీక్ష అన్నీ చేశారు. మత్తిచ్చి లోపలికి తీసుకెళ్తుంటే నా కాళ్లలో సత్తువ లేదు.

గుండె, మెదడు బాగున్నాయి. మెడలో ఒక ధమని సన్నగా ఉంది. పెద్ద మచ్చతో పాటు అదొక్కటి ఉన్నా సిండ్రోమ్ అనే లెక్క. అందుకే మచ్చను తగ్గించే ప్రొప్రనొలాల్ మందును (ఇది బీపీని కూడా తగ్గిస్తుంది) ఆసుపత్రిలో ఉంచి, చాలా తక్కువ డోసుతో, రోజుకు మూడుసార్లుగా మొదలుపెట్టారు, బీపీ ఒక్కసారిగా పడితే మెదడుకు రక్తం తగ్గే ప్రమాదం ఉందని. పాలు తాగాకే మందు. తాగకపోయినా, వాంతులైనా ఆ డోసు ఆపేయాలి, లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఇది మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి.

వారానికే మచ్చ మెత్తబడింది, మూసుకుపోతున్న రెప్ప సగం తెరుచుకుంది. నిన్న రెండు కళ్లతో నన్ను చూసింది. చూపు మందగించకుండా కంటి డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాలి.