గగన్‌యాన్ ఎందుకింత లేటు?

2018 ఆగస్టు 15న ప్రధాని మోదీ ఎర్రకోట మీద నుంచి చెప్పింది 2022 కల్లా గగన్‌యాన్‌లో మనవాళ్లు అంతరిక్షంలోకి వెళ్తారని. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. చంద్రయాన్-3ని మోసిన ఎల్‌వీఎం3 రాకెట్ చేతిలోనే ఉందిగా, ఇంకేంటి అడ్డం?

జవాబు 1: రాకెట్ ఒక్కటే సరిపోదండీ. ఉపగ్రహం ఊపిరి పీల్చదు. ముగ్గురు మనుషులు 400 కి.మీ. ఎత్తులో మూడు రోజులుండాలంటే లోపలి ఆక్సిజన్, తేమ, వేడి అన్నీ చూసుకునే సిస్టమ్ కావాలి, అది బయట దేశాలేవీ ఇవ్వకపోతే మనవాళ్లే మొదట్నుంచి చేసుకోవాల్సి వచ్చింది. కోవిడ్ సంగతి సరేసరి.

జవాబు 2: మాది శ్రీహరికోట దగ్గర సూళ్లూరుపేట. 2023 అక్టోబర్ 21న ప్రమాదం వస్తే మనుషులు కూర్చునే క్యాప్సూల్‌ని రాకెట్ నుంచి తప్పించగలమా అని చూసే టీవీ-డీ1 టెస్ట్ కోసం పొద్దున్నే డాబా ఎక్కాం. ఇంకో 5 సెకన్లనగా కంప్యూటరే ఆపేసింది! మా నాన్న "ఇక పోదాం పదరా" అని కిందికి దిగిపోయారు, సరిగ్గా 10 గంటలకి అది లేచింది.

జవాబు 3: ఆ టెస్ట్‌లో ప్యారాచూట్లు బాగానే తెరుచుకున్నాయి కానీ క్యాప్సూల్ సముద్రంలో తలకిందులైంది. లోపల మనిషి ఉంటే? అందుకే దాన్ని నిటారుగా నిలబెట్టే ఏర్పాటు కూడా పెడుతున్నారు. లేటైతే అవనీండి.

ప్రశ్న అడిగినవారు: తలకిందులైన సంగతి నాకు తెలీదు. మీ నాన్నగారు మిస్సయ్యారా మరి?

జవాబు 2: మెట్ల మీద నుంచే చూశారట :)